ముందు తప్పులా, ముందు సమయమా: షో జంపింగ్ లెక్క

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, గుర్రాలను అడ్డంకుల మీదుగా దూకించే షో జంపింగ్ ఆటలో, వ్యక్తిగత స్వర్ణం బ్రిటన్ రౌతు బెన్ మాహెర్‌కు, రజతం స్వీడన్ రౌతు పేడర్ ఫ్రెడ్రిక్సన్‌కు దక్కాయి. పతకాలను తేల్చిన ఆఖరి రౌండులో ఇద్దరి గుర్రాలూ ఒక్క కడ్డీనైనా పడగొట్టలేదు. మాహెర్ 37.85 సెకన్లలో, ఫ్రెడ్రిక్సన్ 38.02 సెకన్లలో ముగించారు. బంగారానికీ వెండికీ మధ్య తేడా సెకనులో అయిదో వంతు కూడా లేదు. మూడేళ్ల తరువాత పారిస్ ఒలింపిక్స్‌లో, వెర్సాయ్ మైదానంలో, ఆఖరి రౌండుకు ముగ్గురు మిగిలారు. జర్మనీ రౌతు క్రిస్టియన్ కుకుక్ ఒక్కరే ఏ కడ్డీనీ కదిలించి పడెయ్యకుండా ముగించారు, మిగిలిన ఇద్దరూ తలా ఒకటి పడగొట్టారు. అక్కడ స్వర్ణం ఎవరిదో చెప్పడానికి గడియారం చూడవలసిన పనే లేకపోయింది. వెండి ఎవరికి, కంచు ఎవరికి అన్నది తేల్చడానికి మాత్రం చూడవలసి వచ్చింది.

ఒకే ఆట, ఒకే నియమావళి, ఒకే రకం పతకం. అయినా ఒకచోట గడియారం తీర్పు చెప్పింది, మరోచోట కడ్డీ చెప్పింది. కొత్తగా చూసేవారిని తికమక పెట్టేది ఇదే. షో జంపింగ్‌లో కొలబద్దలు రెండే: గుర్రం ఎంత శుభ్రంగా దూకింది, ఎంత త్వరగా ముగించింది. ఈ రెండింటిలో దేన్ని ముందు చూడాలి, దేన్ని తరువాత చూడాలి, లేక రెండింటినీ కలిపి ఒకే అంకెగా మార్చాలా అన్నది పోటీ పోటీకీ మారుతుంది. నియమాల పుస్తకం ఎంత లావుగా ఉన్నా, అందులో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్నకు ఇచ్చిన రకరకాల సమాధానాలే. ఆ సంగతి పట్టుబడితే మిగతా పదాలన్నీ వాటి చోట్లలో అవే కూర్చుంటాయి.

అంతర్జాతీయ పోటీల నియమాలను 1921లో ఏర్పడిన అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య రాస్తుంది. దాని కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఉంది, ఎఫ్ఈఐ అన్న పొడి అక్షరాలతోనే అందరూ దాన్ని పిలుస్తారు. దేశాల స్థాయి పోటీల్లో, పిల్లల పోటీల్లో చిన్న చిన్న సడలింపులు ఉంటాయి గనక, ఇక్కడ చెప్పేదంతా ఎఫ్ఈఐ లెక్క ప్రకారమే అని గమనించాలి.

కడ్డీ పడడం అంటే ఏమిటి

మైదానంలో పది నుంచి పదిహేను దాకా అడ్డంకులు వరుస సంఖ్యలతో ఉంటాయి. వాటిని ఆ వరుసలోనే దాటాలి. ప్రతి అడ్డంకికీ రెండు వైపులా జెండాలుంటాయి: ఎర్రది రౌతుకు కుడివైపు, తెల్లది ఎడమవైపు ఉండేటట్టు మధ్యలోనుంచి దూకాలి. వరుస తప్పి వేరే అడ్డంకి దూకినా, జెండాలు తారుమారుగా ఉన్న వైపు నుంచి దూకినా పోటీ నుంచి తొలగింపే. దీన్నే ఎలిమినేషన్ అంటారు. ఆరంభ రేఖకూ ముగింపు రేఖకూ కూడా ఇవే జెండాలు.

దూకేటప్పుడు కడ్డీ కింద పడితే 4 పెనాల్టీలు. వ్యాఖ్యాతలు వీటిని ఫాల్టులు అంటారు, నియమావళి పెనాల్టీలు అంటుంది, రెండూ ఒకటే. ఏ తప్పూ లేకుండా, సమయం మించకుండా ముగిస్తే అది క్లియర్ రౌండ్, బోర్డు మీద సున్నా.

ఇంత తేలికగా కనిపించే నియమంలోనే చూడవలసిన మెలికలున్నాయి. గుర్రం డెక్క కడ్డీకి టంగుమని తగిలి, కడ్డీ తన ఆధారంలో అటూ ఇటూ దొర్లి, చివరికి నిలబడిపోతే దానికి పెనాల్టీ ఏమీ లేదు. తగలడం తప్పు కాదు, పడడమే తప్పు. కడ్డీ పూర్తిగా నేలమీద పడనక్కరలేదు కూడా: ఒక కొస ఆధారం నుంచి జారి, కింది కడ్డీ మీద ఆగినా పడినట్టే లెక్క. ఒకే నిలువు తలంలో ఒకదాని కింద ఒకటిగా నాలుగు కడ్డీలు పేర్చిన అడ్డంకిలో పైకడ్డీ పడితేనే పెనాల్టీ. గుర్రం కాలు కింది కడ్డీని తన్ని పడేసినా పైది అలాగే ఉంటే సున్నా చెక్కుచెదరదు. మూడు కడ్డీలు కలిసి కుప్పకూలినా ఒక అడ్డంకికి నాలుగే, పన్నెండు కాదు. కడ్డీ కూర్చునే ఆధారం లోతు చాలా తక్కువ, వేళ్ల మందంలో చెప్పుకోవచ్చు. అందుకే ఒకే రకమైన తాకిడికి ఒకసారి కడ్డీ నిలబడుతుంది, ఇంకోసారి పడుతుంది. ఈ ఆటలో అదృష్టానికి మిగిలిన చోటు దాదాపు అదే.

వెడల్పు అడ్డంకుల వెనుక కడ్డీకి మాత్రం ప్రత్యేకమైన భద్రతా ఆధారాలు తప్పనిసరి. గుర్రం బరువు పైనుంచి కడ్డీ మీద పడితే ఆ ఆధారం ఊడి వచ్చేస్తుంది. కాళ్లు కడ్డీల మధ్య ఇరుక్కుని గుర్రం బోర్లా పడే ప్రమాదం అలా తగ్గుతుంది.

నీటి అడ్డంకి లెక్క వేరు. అక్కడ పడడానికి కడ్డీ ఉండదు, దాటవలసింది పొడవు. పెద్ద పోటీల్లో సుమారు నాలుగు మీటర్ల వెడల్పున నీళ్లుంటాయి, దిగే అంచున ఒక పలుచని పట్టీ ఉంటుంది, ఆ పట్టీ మీద రంగు మైనం లాంటి మెత్తని పదార్థం పరుస్తారు. గుర్రం కాలు నీళ్లలో పడినా, పట్టీ మీద గుర్తు పడినా 4. పక్కనే ఒక న్యాయనిర్ణేత కేవలం ఈ గుర్తు చూడడానికే ఉంటారు. గుర్తు పడిన ప్రతిసారీ ఆ మైనాన్ని సాపు చేసి, తరువాతి గుర్రాన్ని లోపలికి పిలుస్తారు.

గుర్రం మొరాయిస్తే

రౌతు కొద్దీ గుర్రం అంటారు గాని, ఇక్కడ నియమాలు ఇద్దరినీ విడదీసి చూడవు. గుర్రం అడ్డంకి ముందు ఆగిపోవడం, పక్కనుంచి తప్పించుకుని వెళ్లడం, ముందుకు కదలనని మొండికేయడం, రెండు అడ్డంకుల మధ్య అకారణంగా తన దారిని తానే దాటేటట్టు గిరికీ కొట్టడం, ఇవన్నీ అవిధేయత కింద వస్తాయి. ఆగిపోవడాన్ని రిఫ్యూజల్ అని, పక్కకు తప్పుకోవడాన్ని రన్ అవుట్ అని పిలుస్తారు. తప్పు గుర్రానిదా, దాన్ని వంకర దారిన తెచ్చిన రౌతుదా అని ఎవరూ విచారించరు. మొదటి అవిధేయతకు 4 పెనాల్టీలు. అదే రౌండులో రెండోది జరిగితే, అది వేరే అడ్డంకి దగ్గరైనా సరే, ఎలిమినేషన్. రౌతు కింద పడినా, గుర్రం కింద పడినా వెంటనే ఎలిమినేషన్.

పాత పుస్తకాల్లో, పాత ఫలితాల పట్టికల్లో ఈ అంకెలు సరిపోలవు. ఒకప్పుడు మొదటి అవిధేయతకు 3, రెండోదానికి 6, మూడోదానికి గాని ఎలిమినేషన్ ఉండేది కాదు. కింద పడితే 8 వేసి కొనసాగనిచ్చేవారు. ఇంకా వెనక్కి వెళ్తే, కడ్డీని ముందు కాళ్లతో పడేస్తే ఎక్కువ, వెనుక కాళ్లతో పడేస్తే తక్కువ వేసిన రోజులున్నాయి. ఏ కాలు తగిలిందో కంటితో చూసి తేల్చడం న్యాయనిర్ణేతలకు ఎంత తలనొప్పిగా ఉండేదో ఊహించుకోవచ్చు. కడ్డీ పడిందా లేదా అన్న ఇప్పటి ప్రశ్న అంతకన్నా ఎంతో నిక్కచ్చిగా ఉంది.

అవిధేయతలో అందరినీ గందరగోళపెట్టే సందర్భం ఒకటుంది, దాన్ని దగ్గరనుంచి చూద్దాం. గుర్రం దౌడు మీద వచ్చి, ఆఖరి క్షణంలో కాళ్లు బిగబట్టి, జారుకుంటూ వెళ్లి ఛాతీతో కడ్డీలను తోసేసి ఆగిపోయింది. కడ్డీ పడింది కదా, ఆగింది కూడా కదా, 8 వేస్తారా? వెయ్యరు. దూకుతూ పడేసినది కాదు గనక కడ్డీకి లెక్క లేదు, ఆగినందుకు మాత్రమే 4. కాని కూలిన అడ్డంకిని మళ్లీ నిలబెట్టాలి. గంట మోగుతుంది, గడియారం ఆగుతుంది, సహాయకులు పరుగెత్తుకొచ్చి కడ్డీలు సర్దుతారు, రౌతు చుట్టూ తిరుగుతూ గుర్రాన్ని సముదాయిస్తూ ఉంటారు. మళ్లీ గంట మోగాక రౌతు వచ్చి అదే అడ్డంకి దగ్గర గుర్రం నేల విడిచిన క్షణాన గడియారం తిరిగి మొదలవుతుంది. ఇదంతా చూసినవారికి, కడ్డీని పడేసి ఆగిన గుర్రానికి ఊపిరి తీసుకునే సమయం ఉచితంగా దొరికినట్టు, పడెయ్యకుండా ఆగిన గుర్రానికి వెనక్కి తిరిగి రావడంలో సెకన్లు పోయినట్టు కనిపిస్తుంది. ఆ అన్యాయాన్ని సరిచేయడానికే మొదటిదానికి అదనంగా 6 సెకన్లు కలుపుతారు. బోర్డు మీద సమయం ఉన్నట్టుండి ఆరు సెకన్లు పెరిగితే కారణం ఇదే.

గడియారం ఎలా పనిచేస్తుంది

ప్రతి కోర్సుకూ, అంటే అడ్డంకులు పేర్చిన దారికి, ఒక అనుమతించిన సమయం ఉంటుంది. కోర్సును రూపొందించినవారు గుర్రం మామూలుగా పోయే దారి వెంట చక్రంతో పొడవు కొలిచి, పోటీ స్థాయికి తగిన వేగంతో భాగిస్తారు. వేగం సాధారణంగా నిమిషానికి 350, 375 లేదా 400 మీటర్లు. 500 మీటర్ల కోర్సును నిమిషానికి 375 మీటర్ల వేగంతో ముగించాలంటే 80 సెకన్లు. దాన్ని మించితే, మొదలైన ప్రతి సెకనుకూ ఒక పెనాల్టీ. మొదలైన అన్న మాట ముఖ్యం: 80.01 సెకన్లకు ముగించినా 1 పడుతుంది, 81.02 సెకన్లయితే 2 పడతాయి. ఆ రౌండులో ఒక కడ్డీ కూడా పడి ఉంటే మొత్తం 6. అనుమతించిన సమయానికి రెండింతలను గరిష్ఠ సమయం అంటారు, అది దాటితే ఎలిమినేషన్.

కొన్ని ఏళ్ల కిందటి దాకా మొదటి రౌండులో నాలుగు సెకన్లకు ఒకటి చొప్పున వేసేవారు, అంతకు ముందు సెకనుకు పావు చొప్పున. 1988 సోల్ ఒలింపిక్స్‌లో ఫ్రెంచి రౌతు పియెర్ డ్యురాన్ జాప్‌లూ అనే చిన్నపాటి గుర్రం మీద 1.25 పెనాల్టీలతో స్వర్ణం గెలిచారు. కడ్డీకి 4 అయినప్పుడు ఈ పాతిక ఎక్కడిదని ఇప్పటివారికి అనిపిస్తుంది. అది ఆ పావుల కాలం నాటి లెక్క.

సెకనుకు ఒకటి అన్న ఇప్పటి నియమం చూడడానికి చిన్నదే గాని, దాని బరువు పారిస్‌లో తెలిసింది. జట్టు పోటీలో బ్రిటన్ మొత్తం 2 పెనాల్టీలతో స్వర్ణం తీసుకుంది, అమెరికా 4తో రజతం, ఫ్రాన్స్ 7తో కాంస్యం. బ్రిటన్‌కు పడిన ఆ రెండూ సమయానికి పడినవే, ఒక్క కడ్డీ కూడా పడలేదు. కాస్త నెమ్మదిగా వెళ్లి ఒక పెనాల్టీ పడనిచ్చినా ఫరవాలేదు, తొందరపడి నాలుగు తెచ్చుకోకూడదన్న లెక్క రౌతులు గుర్రం మీద కూర్చునే వేసుకుంటారు.

మైదానంలోకి వచ్చిన రౌతుకు గంట మోగాక 45 సెకన్లు ఇస్తారు. ఆ లోపు ఆరంభ రేఖ దాటాలి. దాటకపోతే గడియారం తనంతట తానే మొదలవుతుంది. గుర్రాన్ని ఒకసారి భయపెట్టే అడ్డంకి పక్కగా నడిపించి, జనం చప్పుడుకు అలవాటు చేసి, దౌడును కుదుర్చుకునేది ఈ వ్యవధిలోనే. గంటకు ముందే మొదటి అడ్డంకి దూకేస్తే మాత్రం అక్కడికక్కడే ఎలిమినేషన్.

టేబుల్ ఎ, టేబుల్ సి

ఇప్పుడు అసలు ముడి. ఒక పోటీలో ఇద్దరు రౌతులున్నారనుకుందాం. మొదటివారు ఏ కడ్డీ పడకుండా 68 సెకన్లలో ముగించారు. రెండోవారు 63 సెకన్లలో ముగించారు గాని ఒక కడ్డీ పడింది. ఎవరు గెలిచారు?

దీనికి సమాధానం పోటీ ఏ పట్టిక కింద నడుస్తోందన్న దానిమీద ఉంటుంది. టేబుల్ ఎ ప్రకారం పెనాల్టీలే ముందు, సమయం వాటి తరువాత. సున్నా ఉన్నవారు నాలుగు ఉన్నవారికంటే ఎప్పుడూ ముందే, వేగం ఎంతైనా కానీ. కాబట్టి మొదటివారే విజేత. టేబుల్ సి ప్రకారం పెనాల్టీ అనేదే ఉండదు, తప్పును సెకన్లలోకి మారుస్తారు: పడిన ప్రతి కడ్డీకి 4 సెకన్లు కలుపుతారు. రెండోవారి 63కు 4 కలిపితే 67, మొదటివారి 68 కంటే తక్కువ. రెండోవారే విజేత. మధ్యలో టేబుల్ బి ఏమైందని వెతకనక్కరలేదు, ఇప్పటి నియమావళిలో అది లేదు.

ఈ తేడా రౌతు నడకనే మార్చేస్తుంది. టేబుల్ సిలో మలుపును ఇరుకుగా తిప్పి అయిదు సెకన్లు మిగిల్చుకోగలిగితే కడ్డీ పోయినా లాభమే, అందుకని సాహసం చేయడం తెలివైన పని అవుతుంది. టేబుల్ ఎలో అదే సాహసం మూర్ఖత్వం. మొదటిసారి చూసేవారు ఒక రౌతును చూసి ఇంత దూకుడెందుకని, ఇంకొకరిని చూసి ఇంత నింపాదేమిటని అనుకోవడం సహజం. తరచుగా ఆ తేడా స్వభావంలో ఉండదు, పట్టికలో ఉంటుంది.

టేబుల్ ఎలోనే మళ్లీ రకాలున్నాయి. సమయం లెక్కలోకి వచ్చే పోటీలో పెనాల్టీలు సమానమైతే మొదటి రౌండు సమయమే స్థానాలను తేలుస్తుంది. జంప్ ఆఫ్ ఉన్న పోటీలో మొదటి స్థానానికి సమానంగా నిలిచినవారంతా మళ్లీ వస్తారు. గ్రాండ్ ప్రి అనే పెద్ద పోటీలు సాధారణంగా ఇలాగే ఉంటాయి. జంప్ ఆఫ్ కోర్సు పొట్టిది, కొన్ని అడ్డంకుల ఎత్తు పెంచవచ్చు, మొదటి రౌండు పెనాల్టీలు ఇక్కడికి మోసుకురారు. తప్పులు ముందు, సమయం తరువాత అన్న వరుస ఇక్కడా అదే. కాని వచ్చినవారంతా శుభ్రంగా దూకగలవారే గనక చాలాసార్లు సమయమే చివరి మాట అవుతుంది. టోక్యోలో జరిగింది అదే. జంప్ ఆఫ్‌లో ఎన్నో స్థానంలో వస్తామన్నది కూడా పెద్ద విషయమే. ముందు వచ్చినవారికి ఎంత వేగం చాలుతుందో తెలియదు. ఆఖరున వచ్చినవారికి అంతా తెలుసు, తెలియడం వల్ల వచ్చే భయం కూడా ఉంటుంది.

అసలు పరీక్ష అడ్డంకుల మధ్యలో

చూసేవారి కళ్లు గాలిలో ఉన్న గుర్రం మీద ఉంటాయి. రౌతు ధ్యాస మాత్రం నేలమీద ఉంటుంది, ఎందుకంటే తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే.

అడ్డంకుల రకాలు కొద్దివే. కడ్డీలన్నీ ఒకే తలంలో నిలువుగా ఉన్నది వర్టికల్. ఎత్తుతో పాటు వెడల్పు కూడా ఉండేటట్టు ముందొక వరుస, వెనుకొక వరుస పెట్టినది ఆక్సర్. మూడు కడ్డీలు మెట్లలా ఎత్తు పెరుగుతూ పోయేది ట్రిపుల్ బార్. కడ్డీల కింద చిన్న నీటి పళ్లెం పెడితే లివర్‌పూల్, గోడలా పేర్చిన చెక్కపెట్టెలైతే వాల్. ఒలింపిక్స్‌లో ఎత్తు 1.65 మీటర్ల దాకా, ఆక్సర్ వెడల్పు 2 మీటర్ల దాకా పోతుంది. చూడడానికి ఆక్సర్ భయంకరంగా కనిపిస్తుంది గాని, వర్టికలే ఎక్కువ కడ్డీలు రాలుస్తుందని రౌతులు చెబుతారు. ట్రిపుల్ బార్ ఆకారం గుర్రాన్ని దానంతట అదే ఎత్తుకు తీసుకెళ్తుంది, వర్టికల్ అలాంటి సాయమేమీ చేయదు. అడ్డంకి ముందు నేలమీద పరిచే కడ్డీ కూడా అలంకారం కాదు. ఎక్కడ నేల విడవాలో గుర్రం దాన్ని చూసి అంచనా వేసుకుంటుంది, ఎందుకంటే దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల ముక్కుకు సరిగ్గా కింద ఉన్నది దానికి కనిపించదు.

రెండు లేక మూడు అడ్డంకులను దగ్గర దగ్గరగా పెట్టి ఒకే సంఖ్య కింద ఎ, బి, సి అని గుర్తిస్తే అది కాంబినేషన్. వాటి మధ్య దూరం 7 నుంచి 12 మీటర్ల లోపు ఉంటుంది. ఎ దగ్గర పడిన కడ్డీకి నాలుగు, బి దగ్గర పడినదానికి మరో నాలుగు, విడివిడిగా. కాని బి దగ్గర గుర్రం ఆగిపోతే బి ఒక్కటే దూకితే చాలదు, వెనక్కి వచ్చి ఎ నుంచి మొత్తం మళ్లీ దూకాలి.

దూరాల లెక్క ఇది: పోటీ దౌడులో గుర్రం ఒక అంగ సుమారు 3.65 మీటర్లు. దూకి దిగేటప్పుడు అడ్డంకి నుంచి దాదాపు 1.8 మీటర్లు, తరువాతి అడ్డంకికి ముందు నేల విడిచేటప్పుడు మరో 1.8 మీటర్లు పోతాయి. పోటీకి ముందు రౌతులు బూట్లతో మైదానంలోకి వచ్చి, గుర్రం లేకుండా, అడ్డంకుల మధ్య అడుగులు లెక్కపెడుతూ నడుస్తారు. వారు మీటరుకు కాస్త తక్కువ అడుగు వేయడం అభ్యాసం చేసి ఉంటారు. నాలుగు అడుగులు గుర్రం ఒక అంగతో సమానం. దిగడానికి రెండడుగులు, ఎగరడానికి రెండడుగులు తీసేసి మిగిలినదాన్ని నాలుగుతో భాగిస్తారు.

ఇప్పుడు రెండు అడ్డంకుల మధ్య 20 మీటర్ల దూరం ఉందనుకుందాం. రౌతు నడిస్తే దాదాపు 22 అడుగులు వస్తాయి. నాలుగు తీసేస్తే 18, నాలుగుతో భాగిస్తే నాలుగున్నర. గుర్రం అర అంగ వేయలేదు. నాలుగు అంగల్లో పోవాలంటే సాగదీయాలి, అప్పుడు గుర్రం బల్లపరుపుగా, వేగంగా వర్టికల్ మీదికి వచ్చి ముందు కాళ్లతో కడ్డీ లాగేస్తుంది. అయిదు అంగల్లో పోవాలంటే పగ్గాలు బిగించి కుదించాలి, అప్పుడు వెడల్పు ఆక్సర్‌ను దాటే ఊపు చాలదు, వెనుక కడ్డీ పోతుంది. పొడుగు అంగ వేసే గుర్రానికి నాలుగు, పొట్టి అంగ వేసే గుర్రానికి అయిదు. ఒకే ప్రశ్నకు ఏ రౌతు, గుర్రం జత సమాధానం ఆ జతదే. 18 మీటర్లు పెడితే అందరూ నాలుగు అంగల్లో హాయిగా పోతారు, 22 పెడితే అయిదింట్లో. కోర్సు రూపకర్త కావాలనే 20 పెట్టారంటే అక్కడ ప్రశ్న అడిగారన్నమాట. దానికి తోడు అనుమతించిన సమయాన్ని బిగిస్తే, కుదించి పోదామనుకున్నవారు సెకను పోగొట్టుకుంటారు. ఎత్తు పెంచకుండానే కోర్సును ఎంత కఠినం చేయవచ్చో ఇక్కడ తెలుస్తుంది, నా మటుకు నాకు ఈ ఆటలో అన్నింటికంటే అందమైనది ఈ భాగమే.

కళ్లకు కనిపించేదాంతో కూడా పరీక్ష పెడతారు. టోక్యోలో పదో అడ్డంకి పక్కన నిలబెట్టిన నిలువెత్తు సుమో మల్లుడి బొమ్మను చూసి తమ గుర్రాలు బెదిరాయని కొందరు రౌతులు చెప్పుకున్నారు.

వింత పోటీలు, జట్టు పోటీలు

తప్పు, సమయం అనే రెండు కొలబద్దల్లో ఒకదాన్ని పూర్తిగా పక్కన పెట్టే పోటీలూ ఉన్నాయి. ప్యూసాన్స్‌లో సమయానికి లెక్క లేదు. రౌండు రౌండుకూ పెద్ద గోడ ఎత్తు పెంచుకుంటూ పోతారు, చివరికి ఒకరో ఇద్దరో మిగులుతారు, సమానమైతే బహుమతి పంచుకుంటారు. అలాంటి గోడ మీద 1991లో ఫ్రాంకె స్లోటాక్ 2.40 మీటర్లు దూకించారు. గుర్రం దూకిన అత్యధిక ఎత్తుగా నమోదైన 2.47 మీటర్లు మాత్రం 1949 ఫిబ్రవరి 5న చిలీలోని వీన్యా దెల్ మార్‌లో కెప్టెన్ ఆల్బెర్టో లారాగీబెల్ ఉవాసో అనే గుర్రం మీద సాధించినది. అది నేటికీ చెక్కుచెదరలేదు. అక్యుములేటర్‌లో పెనాల్టీలకు బదులు పాయింట్లు: మొదటి అడ్డంకికి 1, రెండోదానికి 2, అలా పెరుగుతూ పోతాయి, ఆఖరున జోకర్ అనే కష్టమైన అడ్డంకిని ఎంచుకుంటే పాయింట్లు రెట్టింపు, పడితే అవే పాయింట్లు కోత. రెండు దశల పోటీలో మొదటి దశ శుభ్రంగా ముగించినవారు ఆగకుండా నేరుగా రెండో దశకు పోతారు.

దేశాల జట్లు తలపడే నేషన్స్ కప్‌లో జట్టుకు నలుగురు రౌతులు, సాధారణంగా ప్రతి రౌండులోనూ అందరికంటే చెడ్డ లెక్కను వదిలేసి ముగ్గురిదే కలుపుతారు. ఒలింపిక్స్‌లో టోక్యో నుంచి జట్టుకు ముగ్గురే, వదిలేయడానికి ఎవరూ లేరు. ఎక్కువ దేశాలకు చోటు దొరకడానికి తెచ్చిన ఈ మార్పు ఆటను కర్కశం చేసిందన్నది చాలామంది రౌతుల ఫిర్యాదు, అందులో నిజం ఉంది. టోక్యో జట్టు ఫైనల్లో పతకానికి చేరువలో ఉన్న ఫ్రాన్స్, ఆఖరి గుర్రం ఎలిమినేట్ కావడంతో జట్టుగానే బయటికి పోయింది. స్వీడన్, అమెరికా పెనాల్టీలు సమానమై, జంప్ ఆఫ్‌లో స్వీడన్ గెలిచింది.

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రెండు పట్టికలూ ఒకే పోటీలో కలుస్తాయి. మొదటి రోజు టేబుల్ సి. ఆ రోజు వచ్చిన సెకన్లను 0.5తో గుణించి, మొదటి స్థానంలో ఉన్నవారిని సున్నాగా పెట్టి, మిగతావారి తేడాలను పెనాల్టీలుగా రాస్తారు. అగ్రగామి కంటే 4 సెకన్లు వెనకబడినవారికి 2 పెనాల్టీలు. తరువాతి రోజులన్నీ టేబుల్ ఎ, ఆ పెనాల్టీలు వీటికి కలుస్తూ పోతాయి. ఫలితాల్లో 1.37 వంటి విచిత్రమైన దశాంశాలు కనిపించేది ఇందువల్లే. ఒకప్పుడు ఈ పోటీ చివర నలుగురు రౌతులు ఒకరి గుర్రాన్ని ఒకరు మార్చుకుని దూకేవారు. 2014 తరువాత ఆ పద్ధతి పోయింది.

పోటీ పేరులో ఉండే అక్షరాల సంగతి కొద్దిగా. సీఎస్ఐ అంటే అంతర్జాతీయ జంపింగ్ పోటీ అన్న ఫ్రెంచి మాటల పొడి రూపం. వెనుక ఓ చేరితే నేషన్స్ కప్ ఉన్న అధికారిక పోటీ, డబ్ల్యూ చేరితే ప్రపంచ కప్ అర్హత పోటీ. 1 నుంచి 5 దాకా ఉండే స్టార్లు ప్రధానంగా బహుమతి డబ్బును బట్టి వస్తాయి. 5 స్టార్ పోటీలోనూ తక్కువ ఎత్తున్న చిన్న పోటీలు జరుగుతాయి, కాబట్టి స్టార్లను చూసి అడ్డంకుల ఎత్తు ఊహించకూడదు.

పోటీ పద్ధతి తెలియాలంటే ఆరోజు పోటీదారుల వరుస పట్టిక పైన ఉండే నియమ సంఖ్యను చూడాలి, చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు. 238.2.1 అని ఉంటే టేబుల్ ఎ, సమయంతో, జంప్ ఆఫ్ సాధారణంగా ఉండదు. మొదటి రౌండే ఆఖరిది, రౌతు మొదటి అడ్డంకి నుంచే వేగంగా పోతున్నారంటే కారణం అదే. 238.2.2 అని ఉంటే ఒక జంప్ ఆఫ్ ఉంది. మొదటి రౌండులో ఎవరూ తొందరపడరు, అనుమతించిన సమయంలోపు సున్నాతో ముగించడమే వారి పని. 274 అయితే రెండు దశలు. 239 అని ఉంటే టేబుల్ సి. కడ్డీ పడిన చప్పుడు వినగానే ఆ జత పని అయిపోయిందనుకోకూడదు, గుర్రం ముగింపు రేఖ దాటి గడియారం ఆగేదాకా ఉండి, వచ్చిన సమయానికి నాలుగు కలిపి చూడాలి.